పుర్రచేతి గిటార్

పెట్టెలో సగం గాలే ఉంటుంది. ఆ గాలికి కూడా డబ్బు కట్టాలి.

సరుకు రవాణా ఆఫీసులో నా కౌంటర్ ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ ఐదేళ్లుగా ఇదే చెబుతున్నాను. పెట్టె బరువు ఒకటి, పెట్టె ఆక్రమించే చోటు ఒకటి. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే రేటు. దూది పంపినా సరే, పెట్టె పెద్దదైతే ఇనుము పంపినంత అవుతుంది. "ఇదెక్కడి న్యాయమమ్మా?" అని కొట్లాటకొస్తారు. న్యాయం సంగతి నాకేం తెలుసు? నా చేతిలో ఉన్నది టేపు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి చెప్పడం వరకే నా పని.

ఆ ఎండాకాలం ఆ మాట నాకు నేనే చెప్పుకోవాల్సొచ్చింది. అదీ సముద్రానికి అవతల అమ్మకానికున్న ఒక పాత ఎలక్ట్రిక్ గిటార్ కోసం.

గిటార్ నాకు కాదు, మా చెల్లికి. ఇంట్లో దాన్ని టకటక అంటాం. తినే బల్ల, కిటికీ చువ్వ, నా వీపు, ఏది దొరికితే దాని మీద వేళ్లాడించడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. అందులోనూ ఎడమచేతి వేళ్లు. మా టకటకది పుర్రచేతి వాటం. అన్నం తినడం దగ్గర్నుంచి తాళం తీయడం దాకా అన్నీ ఎడమే.

రెండేళ్లుగా అది ఒక స్నేహితురాలి గిటార్ వాయిస్తోంది. కుడిచేతివాళ్ల గిటారే. తలకిందులు చేసి, తీగలు అటువి ఇటు బిగించుకుని, మీటలు మోచేతికి కొట్టుకుంటున్నా ఎలాగో నెట్టుకొచ్చింది. నలుగురున్న పాటల బృందం ఒకటి దాన్ని విని రమ్మంది. సరిగ్గా అప్పుడే స్నేహితురాలు వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చి గిటార్ పట్టుకుని వెళ్లిపోయింది.

బృందానికి పెద్ద దిక్కు డ్రమ్ములాయన. మంచివాడే, మొహమాటం మాత్రం లేదు. "సొంత గిటార్ ఉండాలమ్మాయ్. ఎండాకాలం అయ్యేదాకా నీ చోటు ఉంచుతా. ఆ తర్వాత ఇంకొకళ్లని చూసుకుంటా" అన్నాడు.

దుకాణాలన్నీ తిరిగాం. ఒక్కచోటా పుర్రచేతిది లేదు. ఒకాయన నవ్వి, "నెలకో వందమంది కుడిచేతివాళ్లొస్తారు, ఏడాదికి మీలాంటివాళ్లొకరొస్తారు. మీకోసం ఎక్కడ తెచ్చిపెట్టమంటారు?" అన్నాడు. తప్పు పట్టలేం. ఆయన దుకాణం నడవాలిగా.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పినా నాన్న చేతిలో పని ఆపలేదు. నాన్న వడ్రంగి. మా ఇంటి ముందుగదే ఆయన పనిచోటు. మంచాలు, తలుపులు, కాలు విరిగిన కుర్చీలు, అన్నీ అక్కడే. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసి అప్పుడే వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంది.

"కుడిచేతిది కొనుక్కోమను" అన్నాడు నాన్న. "సగం ధరకే వస్తుంది. చిన్నప్పుడే వంచనిచ్చుంటే ఈ తిప్పలే ఉండేవి కావు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? అయినా ఇప్పుడు మాత్రం మించిపోయిందేం లేదు. రెండు నెలలు సాధన చేస్తే చెయ్యి అదే తిరుగుతుంది. అక్క మారలేదూ?"

టకటక తల వంచుకుని బల్ల మీద వేళ్లు ఆపేసింది. "సరే నాన్నా, ప్రయత్నిస్తా" అంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నాకుంది దురద. ఆ "సరే నాన్నా" నాకు తెలుసు. ఐదేళ్లప్పుడు నేనూ అన్నాను.

లోపలి గదిలో మూలన ఒక కుర్చీ ఉంటుంది. కుడిచేతి వైపు రాసుకునే పలక బిగించిన కుర్చీ. నాన్నే చేశాడు, నాకోసం, పెద్దయ్యాక కూడా సరిపోయేలా పెద్దదిగా. ఎడమచేత్తో రాయాలంటే అందులో కూర్చుని ఒళ్లంతా మెలితిప్పుకోవాలి. అలా తిప్పుకోలేక కుడిచేత్తో రాస్తానని ఆయన ఎత్తు. ఎత్తు పారింది. బడికి ముందు రోజూ ఒక గంట చొప్పున నాలుగు నెలలు కూర్చున్నాను, మారాను. ఆ నాలుగు నెలల్లోనే నాకు నత్తి పట్టుకుంది. ఆ రెండిటికీ సంబంధం లేదనేవాళ్లూ ఉన్నారు, ఉందనేవాళ్లూ ఉన్నారు. అమ్మ లెక్క మాత్రం అమ్మది. టకటక పుట్టి చెంచా ఎడమచేత్తో పట్టిన రోజు, "దీని జోలికొచ్చారో, ఆ కుర్చీ మీ నెత్తిన పడుతుంది" అందట. ఇప్పుడా కుర్చీ మీద మేం ఉతికిన బట్టలు పోగేస్తాం.

నత్తి చాలావరకు పోయింది. "క" ఒక్కటే మిగిలింది. కోపమొచ్చినా భయమేసినా అక్కడ ఆగిపోతాను. ఆగితే మిగతా మాట నాన్న పూర్తి చేస్తాడు. ఇరవై ఏళ్లుగా అంతే. మంచికే చేస్తాడు. ఆ మంచితనానికి నాకు ఒళ్లు మండుతుంది.

"అది మారదు నాన్నా" అన్నాను. "నేను మారనివ్వను. పుర్రచేతిదే తెప్పిస్తా, బయటి దేశం నుంచి."

"డబ్బో?"

"బండి కొనుక్కుందామని దాచింది ఉంది. ఇంకో రెండేళ్లు బస్సులో తిరుగుతా."

నాన్న అప్పుడు ఉలి కింద పెట్టాడు. "నేనేదో పగబట్టినట్టు మాట్లాడతావేం? నా దగ్గర పనిచేసిన పెద్దాయన పుర్రచేతివాడు. రంపం యంత్రం కుడిచేతివాళ్లకి చేసింది. నా కళ్ల ముందే వేలు పోయింది. లోకంలో ఉన్న వస్తువులన్నీ అటే ఉంటే, మనిషి ఇటు ఉండి ఏం సుఖపడతాడు? నువ్వు మారావు, నీకు తక్కువైందేముంది?"

నేను నోరు తెరిచాను. కుడి అనబోయాను. "క... క..." దగ్గరే ఆగిపోయింది.

"కుడిచెయ్యే నయం అంటావు, అంతేగా" అని నాన్న పూర్తి చేశాడు.

నేనన్నది అది కాదు.

"అదిగో, తక్కువైంది అదే" అంది అమ్మ, కాళ్లు ఒత్తుకుంటూ.

మర్నాటి నుంచి వేట మొదలుపెట్టాను. కొత్తవాటి ధర చూస్తే కళ్లు తిరిగాయి. పాతవాటిలో వెతకగా వెతకగా ఒక ముసలాయన దొరికాడు. సముద్రానికి ఆ పక్క, ఏదో చిన్న ఊళ్లో ఒక్కడే ఉంటాడు. ఆయనా పుర్రచేతివాడే. వేళ్ల కీళ్లు పట్టేసి ఇక వాయించలేక అమ్ముతున్నాడు. గిటార్ ధర మాకందేదే. తేవడానికయ్యే ఖర్చు చూస్తే మాత్రం గిటార్ కంటే ఎక్కువ. కోడి ధర ముప్పావలా, దిష్టి తీయడానికి ముప్ఫై రూపాయలు అన్నట్టుంది యవ్వారం.

ఆఫీసులో తూకం బాబాయ్ దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన మా తూకం యంత్రం దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉన్నాడు. కళ్లతో చూసి బరువు చెప్పేస్తాడు.

"బహుమతి అని రాయించెయ్యి. లేదంటే ఆటవస్తువని రాయించు. సుంకం తగ్గుతుంది" అన్నాడు.

"బాబాయ్, బహుమతి అని రాసిన పెట్టెలు మన వెనక షెడ్డులో ఎన్ని మగ్గుతున్నాయో నీకు చూపించాలా? మూడేళ్ల నాటి బహుమతులున్నాయక్కడ."

"నీకు చెప్పేంతవాణ్ణా" అని నవ్వి, "అయితే గాలి తీసెయ్యి" అన్నాడు.

నా నెత్తి మీద నేనే ఒకటి వేసుకున్నాను. రోజూ అందరికీ చెప్పే మాట నాకెందుకు తట్టలేదో! గిటార్ పొడుగంతా మెడే. ఆ మెడ వెనక నాలుగు మరలతో బిగించి ఉంటుందని టకటక ఎప్పుడో చెప్పింది. విప్పితే ఒక చెక్క, ఒక కర్ర. పక్కపక్కన పెడితే పెట్టె పొడుగు సగానికి సగం పోతుంది. విమానం మానేసి, ఓడలో పదిమంది సరుకుతో కలిపి పంపే పద్ధతిలో వేస్తే ఆరు వారాలు పడుతుంది కానీ ఖర్చు మూడో వంతు. ఉన్న ధర ఉన్నట్టు రాయించి, కట్టాల్సిన సుంకం కట్టినా అందుబాటులోకొచ్చింది.

ముసలాయనకి రాశాను, మెడ విప్పి పంపగలరా అని. "ముప్ఫై ఏళ్లలో విప్పలేదు. అయినా మీ చెల్లెలి కోసం విప్పుతాను. ఇంట్లో బిగించేవాళ్లున్నారా?" అని రాశాడు.

"మా నాన్న వడ్రంగి" అని రాశాను. ఆ ముక్క రాసేటప్పుడు ఎందుకో గర్వంగానే అనిపించింది.

ఆరు వారాలు అన్నది ఎనిమిదైంది. టకటక రోజూ ఓడ ఎక్కడుందని అడిగేది, నేను సముద్రంలో ఉందని చెప్పేదాన్ని. ఈలోగా చీపురుకర్ర పట్టుకుని వాయించినట్టు వేళ్లు ఆడించేది. డ్రమ్ములాయన రెండుసార్లు కబురు చేశాడు. రెండోసారి ఒక శనివారం పేరు చెప్పి, పది గంటలకి రాకపోతే ఇక రానక్కర్లేదన్నాడు. పెట్టె ఆ వారం బుధవారం దిగింది.

గురువారం సుంకం కార్యాలయం నుంచి ఫోన్. వెళ్లాను. పెట్టె విప్పి బల్ల మీద పరిచి ఉంది. అధికారి కాగితం చూస్తాడు, బల్ల చూస్తాడు.

"కాగితంలో గిటార్ అని ఉంది. ఇక్కడ ఒక చెక్కా ఒక కర్రా ఉన్నాయి. గిటార్ ఏదమ్మా?"

"ఆ రెండూ కలిస్తేనే సార్."

"కలుస్తాయని నాకేంటి నమ్మకం? రెండు వేర్వేరు గిటార్ల ముక్కలైతే? కలిపి చూపించండి. పని తెలిసినవాళ్లతో. ముక్కలు విరగ్గొట్టి మా మీద రాస్తే మళ్లీ అదొకటి."

తలప్రాణం తోకకొచ్చింది. పని తెలిసినవాళ్లంటే నాకు తెలిసింది ఒక్కడే. ఫోన్ చేశాను. నాన్న సణిగాడు, తలుపు పని మధ్యలో ఉందన్నాడు, గంటలో పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

బల్ల దగ్గరికొచ్చాక సణుగుడు ఆగిపోయింది. చెక్క అంచు మీద బొటనవేలు నడిపించాడు. మెడ తీసి కంటికి ఆనించి, వంకర ఉందేమోనని చివరిదాకా చూశాడు. చెక్కలో మెడ కూర్చునే గూడు చూసి, "ఏం కోత! చేత్తో కోసినట్టే ఉంది" అన్నాడు అధికారితో, ఆయనేదో తోటి వడ్రంగి అయినట్టు. మెడ గూట్లో పెట్టి నొక్కాడు. టక్కున కూర్చుంది. నాలుగు బెజ్జాలూ కలిశాయి.

"ఇదిగో, ఇదీ మీ గిటార్" అని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. పట్టు కుదరలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మీటలు ముంజేతికి అడ్డమొచ్చాయి, చెక్క కొమ్ము పొట్టలో పొడిచింది.

"ఇదేంటి, నాకు ఒదగడం లేదు?"

"నువ్వు కుడిచేతివాడివి కదా నాన్నా."

నాన్న కాసేపు దాన్ని అలాగే ఇబ్బందిగా పట్టుకుని కూర్చున్నాడు. అధికారి ముద్ర వేశాడు.

బయటికొస్తూ, "గూట్లో ఏదో చెత్త ఇరుక్కునుంది. రేపు నువ్వు ఆఫీసునుంచి వచ్చేసరికి శుభ్రం చేసి, బిగించి ఉంచుతా. నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు. ఆయన అంత హుషారుగా ఉండి ఎన్నాళ్లైందో.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో చప్పుడు లేదు. గిటార్ బల్ల మీద ఉంది, తీగలతో సహా, మెరిసిపోతూ. పక్కన టకటక మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది?"

"చూడు."

తీగలకీ మెడకీ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందుంది. నొక్కితే వేలు కోసుకుపోతోంది, నొక్కగా నొక్కగా వచ్చిన శ్రుతి కూడా తప్పుతోంది. తీగలు దించే చిన్న మరలన్నీ అది ఆఖరుదాకా దించేసింది. ఇక దిగడానికి చోటు లేదు.

"మెడ ముందుకు వాలి ఉంది" అన్నాడు నాన్న. మొహం నల్లబడి ఉంది. "పరాయి సరుకు, పైగా పాతది. ముసలాయన మనకి లోపమున్నది అంటగట్టాడు. గూడు ఒక పక్కన కొంచెం చెక్కితే మెడ వెనక్కొస్తుంది. చెక్కేస్తాను."

ఉలి అప్పటికే చేతిలో ఉంది.

"ఆగు నాన్నా. చెక్కితే మళ్లీ అతకలేం. ఆయనకి ఒక్క ముక్క రాసి అడగనీ."

"రేపు పదింటికి దాని పరీక్ష. ఆయనెప్పుడు చెబుతాడు, నేనెప్పుడు చేస్తాను?"

"పొద్దున ఆరుదాకా ఆగు. అప్పటికీ చెప్పకపోతే నీ ఇష్టం."

టకటక లేచింది. "వద్దులే అక్కా. దానికోసం నువ్వూ నాన్నా కొట్టుకోవద్దు. అమ్మేద్దాం. కుడిచేతిది కొనుక్కుంటా, మారతా. నువ్వు మారావు కదా, చచ్చిపోయావా?"

కోపంతో అన్నది కాదు, నన్ను ఓదార్చడానికే అన్నది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. అంత పెద్దదాన్ని, అందరి ముందూ ఏడ్చాను. ఇంత తెలివి ఉపయోగించి, గాలికి డబ్బు కట్టకూడదని మెడ విప్పించింది నేనే. కట్టాల్సింది కట్టుంటే బిగించినది బిగించినట్టే వచ్చేది. ఆ మాటే అన్నాను. నాన్న ఉలి సంచిలో పెట్టేశాడు.

రాత్రే ముసలాయనకి రాశాను. జవాబు పొద్దున ఐదున్నరకే వచ్చింది. అందరం ముందుగదిలోనే ఉన్నాం. నేను చదివాను.

"క్షమించమ్మా, చెప్పడం మర్చిపోయాను. మెడ కూర్చునే గూట్లో మడతపెట్టిన బస్సు టికెట్టు ముక్క ఒకటి ఉంటుంది. కొన్న కొత్తలో నేనే పెట్టాను. చూడ్డానికి చెత్తలాగే ఉంటుంది, పారెయ్యకండి. ముప్ఫై ఏళ్లుగా మెడ వాలకుండా ఆపుతున్నది అదే."

నాన్న వెంటనే మూల చూశాడు. చెక్క పొట్టు నింపిన బస్తా ఉండే మూల. బస్తా లేదు. శుక్రవారం మధ్యాహ్నం పొట్టు కొనేవాడు పట్టుకెళ్లిపోయాడు.

మంచం కాలు ఊగితే కింద బద్ద పెట్టేది ఆయనే. తలుపు ఈడ్చుకుపోతే బందు వెనక అట్టముక్క పెట్టేదీ ఆయనే. బతుకంతా అదే పని చేసినవాడికి, ఇంకొకడు పెట్టిన ముక్క చెత్తలా కనిపించింది. పడీపడీ నవ్వుకోవాల్సిన సంగతే. కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

"చెత్తనుకున్నానమ్మా" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. "మురికి ఉంది, నా చేత్తో శుభ్రం చేసి ఇద్దామనుకున్నాను. దేని ఆధారం మీద అది నిలబడిందో చూసుకోలేదు."

మాట టకటకతోనే అంటున్నాడు. చూస్తున్నది మాత్రం నా వైపు. ఫోన్ పట్టుకున్న నా కుడిచేతి వైపు. నేను చెయ్యి దించేసుకున్నాను.

నాన్న లేచాడు. ముందుగదిలో చెక్కలన్నీ తిరగేశాడు. ఒకటి తీశాడు, గోటితో నొక్కి చూసి పడేశాడు. ఇంకొకటీ అంతే. "పచ్చివి. ఇవాళ నిలబడతాయి, రేపు అణిగిపోతాయి" అని తనలో తనే అనుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. మేమూ వెళ్లాం. కుర్చీ మీద బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతున్నాడు. తీసి, కుర్చీ పలక కింద మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"అది..." అంది అమ్మ.

"ఎండిన చెక్క కావాలి" అన్నాడు నాన్న, మా వైపు చూడకుండా. "ఇంట్లో ఇంతకంటే ఎండింది లేదు."

పలకని బల్లకి బిగించి అంచు మీద చిత్రిక పట్టాడు. ఉల్లిపొరంత చుట్టలు లేచాయి. పైన ఏళ్ల నాటి సిరా మరకలున్నాయి, నావే. ఒక బద్ద కోసి గూట్లో పెట్టి, మెడ బిగించి, తీగలు లాగి చూశాడు. ఎత్తు తగ్గింది కానీ చాలలేదు. మళ్లీ విప్పాడు. రెండో బద్ద మందమైంది, తీగలు మెడకి తగిలి గరగరమన్నాయి. మూడోది చేసేటప్పుడు ఊపిరి కూడా తీసుకున్నట్టు లేదు. ఎనిమిదిన్నరైంది.

టకటక ఒళ్లో పెట్టుకుని మీటింది. స్పీకర్ లేకుండా ఆ గిటార్ గొంతు దోమ పాటంత. ఆ దోమ పాటే విన్నాం, ముగ్గురం వంగి. దాని వేళ్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పరిగెత్తాయి. ఎక్కడా ఆగలేదు.

"అక్కా, చెప్పులేసుకుంటా, ఒకసారి పట్టుకో" అని నా చేతికిచ్చింది.

పట్టుకున్నాను. అంతే. నేనేమీ ఆలోచించలేదు. కుడిచెయ్యి మెడ కిందికి వెళ్లింది, ఎడమచెయ్యి తీగల మీదికి దానంతటదే వచ్చి ఆగింది. చెక్క కొమ్ము నా డొక్కలో ఒదిగిపోయింది. నాకు ఒక్క పాటా రాదు. అయినా ఆ వస్తువు నన్నెరిగినట్టే ఉంది. తలెత్తేసరికి గుమ్మంలో నాన్న నా చేతుల్నే చూస్తున్నాడు. నేను గబగబా గిటార్ దానికిచ్చేశాను.

బృందం సాధన చేసే హాలుకి నలుగురం వెళ్లాం. నాన్న లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు, తలుపు బందు బాగుందో లేదో చూస్తున్నట్టు. టకటక రెండు పాటలు వాయించింది. మొదటిదాంట్లో ఒకచోట తడబడింది. డ్రమ్ములాయన ఆపి, "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి వాయించింది.

"మంగళవారం నుంచి ఐదింటికి రా" అన్నాడు. "ఆలస్యంగా వస్తే ఊరుకోను. ఇంతకీ ఆ గిటార్ ఎక్కడ కొన్నావమ్మాయ్?"

"అక్క తెప్పించింది, నాన్న నిలబెట్టాడు" అంది అది.

నాన్న గుమ్మం దగ్గర లేడు. బయట బెంచీ మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

తర్వాతి ఆదివారం. కూరగాయలు తెచ్చి లోపలి గదిలోకి వెళ్లేసరికి ఉతికిన బట్టలు మంచం మీద ఉన్నాయి. మూలన కుర్చీ లేదు. కిటికీ దగ్గర, వెలుతురు పడేచోట ఉంది. కుడిచేతి వైపు పాత బెజ్జాలు చెక్కపొడి కలిపిన జిగురుతో మూసేసి ఉన్నాయి. పలక ఎడమవైపుంది.

ముందుగదిలో నాన్న అటు తిరిగి ఏదో పని చేసుకుంటున్నాడు. అవసరానికి మించి చప్పుడు చేస్తున్నాడు.

కూర్చున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత కూర్చున్నాను. ఒళ్లు మెలితిప్పుకోవాల్సిన పని లేదు. ఆఫీసు రసీదు ఒకటి సంచిలో ఉంటే తీసి, వెనక్కి తిప్పి, కలం ఎడమచేత్తో పట్టి నా పేరు రాశాను. ఐదేళ్ల పిల్ల రాసినట్టొచ్చింది. ఒక అక్షరం రసీదు అంచు దాటి పలక మీదికి పోయింది. చిత్రిక పట్టి సన్నబడ్డ పలక కదా, రాస్తుంటే చెయ్యి కింద కొద్దిగా ఊగుతోంది కూడా.

"నాన్నా" అని పిలిచాను.

చప్పుడు ఆగింది. గుమ్మంలోకొచ్చాడు.

"క..." అన్నాను. "క... క..."

కోపం లేదు, భయం లేదు. అయినా ఆగిపోయింది. నాన్న నోరు తెరిచాడు, అలవాటుకొద్దీ. మళ్లీ మూసుకున్నాడు. గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాను, ఆయన నిలబడే ఉన్నాడు. ఎంతసేపైనా నిలబడేటట్టే ఉన్నాడు.

"కుర్చీ పలక ఊగుతోంది నాన్నా."

"ఊఁ" అన్నాడు. "లేవకు, బద్ద పెడతా."